నాన్న చెప్పిన సాక్ష్యం

పోయిన నెల ఒక మధ్యాహ్నం మెల్‌బోర్న్ శివార్లలో, పాయింట్ కుక్‌లో మా ఇంటి తలుపు ఎవరో తట్టారు. పార్సిల్ తెచ్చినవాళ్ళేమో అనుకుని తీస్తే, తెల్లచొక్కాలు, టైలు, జేబు మీద నల్లటి పేరుబిళ్ళలతో ఇద్దరు కుర్రాళ్ళు ఎండకు చెమటలు కక్కుతూ నిలబడి ఉన్నారు. ఒకతను తెల్లవాడు. రెండో అబ్బాయి మనవాడే. గుమ్మానికి వేలాడుతున్న ప్లాస్టిక్ మామిడాకుల తోరణం చూసి పోల్చుకున్నాడు కాబోలు, "నమస్తే ఆంటీ, మాది వైజాగండీ" అని నవ్వాడు. మోర్మన్లని అమెరికాలో పుట్టిన ఒక క్రైస్తవ శాఖ ఉంది, వాళ్ళ చర్చి తరఫున ఇల్లిల్లూ తిరుగుతున్నారట. కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాను, వాళ్ళు చెప్పబోయిన నాలుగు మాటలూ విన్నాను, ఎంతో మర్యాదగా లేచి వెళ్ళిపోయారు. వాళ్ళు వెళ్ళాక తలుపు వేసి, ఆ తలుపుకే ఆనుకుని చాలాసేపు అలాగే ఉండిపోయాను. ముప్ఫై ఏళ్ళ కిందటి సిగ్గు ఒకటి, ఎప్పుడో చల్లారిపోయిందనుకున్నది, మళ్ళీ చెవుల దాకా వేడిగా పాకింది.

మేం తెనాలి నుంచి సిడ్నీ వచ్చింది ఎనభై ఎనిమిదిలో. నాన్న, అమ్మ, నాయనమ్మ, నేను. తాతయ్య అప్పటికే పోయారు, నాన్న ఒక్కడే కొడుకు, కాబట్టి నాయనమ్మ కూడా తన వెంకటగిరి చీరలూ, పుస్తకాల మూటా సర్దుకుని మాతోపాటే విమానమెక్కింది. హారిస్ పార్క్‌లో రైలుపట్టాల పక్కన ఒక ఎర్రిటుకల ఫ్లాట్‌లో దిగాం. ఇప్పుడు అక్కడికి వెళ్ళినవాళ్ళకు మిరపకాయ బజ్జీల దగ్గర్నుంచి పెళ్ళిపట్టుచీరల దాకా దొరుకుతాయి గానీ, మా రోజుల్లో కరివేపాకు కావాలంటే మూడు వీధుల అవతల, ఫిజీలో గొడవల తర్వాత ఇక్కడికి వచ్చేసిన ఒకావిడ పెరట్లోంచి అడిగి కోసుకోవాల్సిందే. ఆవిడ తాతలు మన వైపు నుంచి చెరుకుతోటలకు వెళ్ళినవాళ్ళు. ఆవిడ మాట్లాడే తెలుగు వింటే మా నాయనమ్మకు వాళ్ళ అమ్మమ్మ గుర్తొచ్చేదట. ఆకు కోయడానికి వెళ్ళి గంటల తరబడి కూర్చునేది.

నాన్న ఒక యంత్రాల ఫ్యాక్టరీలో ఇంజనీరు. రెండేళ్ళు బాగానే గడిచింది. తర్వాత ఆ గడ్డురోజులు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి, ఫ్యాక్టరీలు ఒకటొకటే మూతపడ్డాయి, నాన్నదీ పోయింది. అమ్మ ఒక వృద్ధాశ్రమంలో బట్టలుతికే పనికి కుదిరింది. నాన్న పొద్దున్నే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఎక్కడికీ వెళ్ళకుండా కిటికీ దగ్గర కూర్చుని వచ్చేపోయే రైళ్ళు చూసేవాడు. అలాంటి రోజుల్లోనే మా తలుపూ ఇలాగే ఇద్దరు కుర్రాళ్ళు తట్టారు. వాళ్ళ వెనకే, కొన్నాళ్ళకు, వాళ్ళ చర్చికి చెందిన ఒక పెద్దాయనా, ఆయన భార్యా వచ్చారు.

ఆ దంపతుల గురించి ఒక్క చెడ్డమాట రాస్తే నా కళ్ళు పోతాయి. చలికాలం వస్తోందని హీటర్ తెచ్చిపెట్టారు. నాయనమ్మ కింద కూర్చుని లేవలేకపోతోందని ఎత్తుగా ఉండే చేతుల కుర్చీ తెచ్చారు. నా స్కూలు కోటు పొట్టిదైపోతే ఆంటీ తన మనవరాలిది కొలత సరిచేసి ఇచ్చింది. చివరికి అంకుల్ తనకు తెలిసిన గోడౌన్‌లో నాన్నకు పని కూడా చూశాడు. ఇంత చేసీ మమ్మల్ని ఏనాడూ, ఇది చెయ్యండి, అక్కడికి రండి అని అడగలేదు. నాన్నే వెళ్ళడం మొదలుపెట్టాడు. డిక్షనరీ పక్కన పెట్టుకుని వాళ్ళ గ్రంథం మొత్తం చదివి, బాప్తిస్మం తీసుకున్నాడు. అమ్మ తీసుకోలేదు. నాయనమ్మ సంగతి చెప్పక్కర్లేదు. కానీ ఆదివారం ఆవిణ్ని ఒంటరిగా ఇంట్లో వదల్లేక మేమంతా వెళ్ళేవాళ్ళం. ఆవిడ వెనక వరసలో బొట్టుతో, ముడితో కూర్చుని, వాళ్ళు పాడుతుంటే తలాడిస్తూ, పెదవుల మీద తన నామాలేవో తాను చదువుకునేది. అందరూ ఆవిణ్ని "గ్రాన్‌మా" అని చుట్టూ చేరేవాళ్ళు. ఒక్క కాఫీ దగ్గరే చిక్కొచ్చింది. వాళ్ళ మతంలో కాఫీ, టీలు నిషిద్ధం. నాన్న డికాషన్ ఫిల్టర్ అటక మీద పెట్టేస్తే, నాయనమ్మ మర్నాడే అమ్మచేత దింపించి, బట్టలుతికే గదిలో తలుపు వేసుకుని తాగడం మొదలుపెట్టింది. ఆ వాసన మెట్ల దాకా వచ్చేది. నాన్న తనకు తగలనట్టే నటించేవాడు.

తొంభై రెండు జూలైలో, ఇక్కడి చలికాలం సెలవుల్లో, చర్చివాళ్ళు ఒక యాత్ర పెట్టారు. ఈ దేశంలో తమ మతానికి మొదట్లో నీడనిచ్చిన చోట్లన్నీ చూడాలని, పిల్లాపెద్దలతో అయిదారు కార్లు బయల్దేరాయి. న్యూకాజిల్ దగ్గర ఒక పాత బొగ్గుగనుల ఊరికి వెళ్ళి, ఆ రాత్రికి అక్కడే ఉండి, మర్నాడు తిరుగుదారిలో సిడ్నీ శివారు కార్లింగ్‌ఫర్డ్‌లోని వాళ్ళ పెద్ద టెంపుల్ చూడటం. ఆ టెంపుల్‌లోకి నాన్న మొట్టమొదటిసారి అడుగుపెట్టబోతున్నాడు. అందుకని కొత్త సూటు కుట్టించుకున్నాడు. మేం అంకుల్ వాళ్ళ స్టేషన్ వేగన్‌లో కూర్చున్నాం. నాయనమ్మ పులిహోర చేసి అల్యూమినియం కాగితంలో పొట్లాలు కట్టింది, కారు కారుకీ పంచిపెట్టింది. దారి పొడుగునా యూకలిప్టస్ చెట్లే చూసి, "వీళ్ళకు జలుబన్నదే రాదేమో అమ్మడూ" అంది. నేను అది ఇంగ్లీషులో చెబితే అంకుల్ స్టీరింగ్ మీద కొట్టి మరీ నవ్వాడు. నా చిన్నతనంలో మేం అందరం అంత సంతోషంగా ఒక కారులో కూర్చున్న రోజు అదొక్కటే అనుకుంటాను.

ఆ ఊళ్ళో చూడటానికి పెద్దగా ఏమీ లేదు. మూసేసిన గని, రేకుల కప్పున్న ఇళ్ళు, ఒక దిబ్బ మీద శ్మశానం. అంకుల్ ముత్తాత ఇంగ్లండు నుంచి వచ్చి ఆ గనిలో పనిచేశాడట. పగలంతా భూమి లోపల, సాయంత్రాలు ఇళ్ళల్లో ప్రార్థనలు. అమెరికాలో తమవాళ్ళు కట్టుకుంటున్న ఊరికి వెళ్ళిపోవాలని ఉన్నదంతా వదులుకుని, ఓడ ఎక్కడానికి సిడ్నీ రేవుకు బయల్దేరే ముందు ఈ ఊళ్ళోనే చిన్నకూతురు జబ్బుచేసి పోయింది. దాన్ని ఇక్కడ ఒంటరిగా వదలలేనని వాళ్ళావిడ పట్టుబడితే ఆయన ఆగిపోయాడు, అలా ఈ కుటుంబం ఆస్ట్రేలియాలో మిగిలింది. ఈ కథ చెప్పి అంకుల్ ఆ పిల్ల సమాధి మీది గడ్డి తన చేతులతో పీకాడు. రాయి మీద అక్షరాలు అరిగిపోతే ఆంటీ వేళ్ళతో తడిమి చదివి వినిపించింది. నాయనమ్మ నా చేత అంతా తెలుగులో చెప్పించుకుని, కంచె పక్క పొదలోంచి ఏదో పచ్చపూల రెమ్మ తుంచి తెచ్చి ఆ రాయి మీద పెట్టింది. "చూశావుటే, ఎన్ని తరాల కిందటి పెద్దవాళ్ళను ఎంత ప్రేమగా వెతుక్కుంటూ వచ్చారో! మంచి జాతి" అంది. ఆంటీ ఆవిణ్ని కావలించుకుని కళ్ళు తుడుచుకుంది.

సాయంత్రం ఒక చెక్కల హాల్లో అందరూ చేరారు. గ్యాస్ హీటర్ల ముందు పిల్లలు చేతులు కాచుకుంటున్నారు, బల్లల మీద సూపు, రొట్టెలు, మా పులిహోర. భోజనాలయ్యాక, మనసులో మాట చెప్పాలనిపించినవాళ్ళు ఒక్కొక్కరే లేచి చెప్పడం మొదలుపెట్టారు. దాన్ని వాళ్ళు సాక్ష్యమంటారు. ఒకావిడ తన ముత్తవ్వ ఓడలో పడిన కష్టాలు చెప్పింది. టోంగా దీవుల నుంచి వచ్చిన ఒకాయన తన తండ్రి పడవలో దీవి దీవికీ తిరిగి బోధించిన సంగతి చెప్పి ఏడ్చాడు. అంకుల్ మళ్ళీ ఆ చిన్నపిల్ల గురించి చెప్పాడు. అందరికీ తమ మతం కోసం ఏదో పోగొట్టుకున్న పెద్దలున్నారు. నాన్న అరచేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ కూర్చున్నాడు. నాకెందుకో భయమేసింది. అప్పుడు లేచి నిలబడ్డాడు.

తాను చీకట్లో పుట్టానన్నాడు. పుస్తకమన్నదే లేని ఇంట్లో, రాళ్ళకూ పాములపుట్టలకూ మొక్కే మనుషుల మధ్య పెరిగానన్నాడు. చిన్నప్పుడు జ్వరంతో చావు దాకా వెళితే తన తల్లి డాక్టరు దగ్గరికి కాకుండా భూతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళిందన్నాడు. "మా అమ్మ ఒక్క అక్షరం చదవలేదు. ఇప్పటికీ ఆ చీకట్లోనే ఉంది. ఆమె కోసం మీరంతా ప్రార్థించండి" అన్నాడు. నిజంగానే కన్నీళ్ళొచ్చాయి. అంత అందంగా నాన్న ఇంగ్లీషు మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

మా తాతయ్య తెనాలి హైస్కూల్లో తెలుగు పండితుడు. మా ఇంట్లో కూర్చోడానికి చోటుండేది కాదు గానీ పుస్తకాలుండేవి. నాయనమ్మ వాటిల్లో చదవనిది లేదు. వీధి అరుగు మీద ఎంతమంది పిల్లలకు ఓనమాలూ, ఏబీసీడీలూ దిద్దించిందో లెక్కలేదు, నాన్నకూ ఆవిడే దిద్దించింది. ఆరో తరగతి మధ్యలో ఈ దేశం వచ్చిన నేను ఇవాళ ఈ నాలుగు మాటలు తెలుగులో రాయగలుగుతున్నానంటే ఆవిడ హారిస్ పార్క్ వంటింట్లో నన్ను రోజూ కూర్చోబెట్టి చదివించడం వల్లనే. నాన్నకు టైఫాయిడ్ వస్తే భుజానేసుకుని బస్సెక్కి గుంటూరు మిషన్ ఆస్పత్రికి తీసుకెళ్ళి, తగ్గేదాకా ఆ వరండాలోనే ఉన్నది కూడా ఆవిడే.

హాల్లో వాళ్ళందరూ వెనక్కి తిరిగి నాయనమ్మ వైపు చూశారు. జాలిగా, ప్రేమగా, తలలు పక్కకు వంచి చూశారు. తనను పలకరిస్తున్నారనుకుని ఆవిడ అందరికీ చేతులు జోడించి నవ్వింది. నా వైపు వంగి, "ఏమంటున్నాడే మీ నాన్న?" అంది. ఏం చెప్పను? "నీ గురించే నాయనమ్మా, మంచిగా చెబుతున్నాడు" అన్నాను. ఆవిడ ముఖం విప్పారింది. పమిట భుజం నిండా కప్పుకుని, కుర్చీ పట్టుకుని లేచి నిలబడి, తనకొచ్చిన ఇంగ్లీషంతా కూడదీసుకుని, "థాంక్యూ. మై సన్. గుడ్ బాయ్" అంది.

హాలంతా ముక్కులెగబీల్చింది. అమ్మ లేచి బయటికి వెళ్ళిపోయింది.

నేను వెనకాలే వెళ్ళేసరికి అమ్మ చలిలో శాలువా కూడా లేకుండా కారుకి చేరగిలబడి ఉంది. కాసేపటికి నాన్న వచ్చాడు. అమ్మ ఆయన ముఖం చూడలేదు. "అత్తయ్యగారు అందులో కూర్చుని ఉన్నారండీ. ఆవిడ ముందే అంటారా?" అంది. "అందరూ ఏదో ఒకటి చెప్పారు. నా దగ్గర చెప్పడానికేముంది? లేచాక ఏదో నోటికొచ్చింది, తర్వాత ఆపడం తెలీలేదు" అన్నాడు. "వెళ్ళి నిజం చెప్పండి" అంది అమ్మ. నాన్న హాలు వైపు చూశాడు. లోపల పాట మొదలైంది. "ఇప్పుడా?" అన్నాడు. అంతే. మేం ముగ్గురం లోపలికి వెళ్ళి, నాయనమ్మకు అటూ ఇటూ కూర్చున్నాం. ఆవిడ కొడుకు చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని పాట పూర్తయ్యేదాకా నిమురుతూనే ఉంది.

మర్నాడు కార్లింగ్‌ఫర్డ్ చేరాం. తెల్లటి గుడి, కోసుగా లేచిన గోపురం, దాని మీద బూర ఊదుతున్న బంగారు రంగు దేవదూత. లోపలికి అనుమతి పొందినవాళ్ళు మాత్రమే వెళ్ళాలి. నాన్న కొత్త సూటులో, వెనక్కి తిరిగి చూడకుండా, అంకుల్ పక్కన నడిచి వెళ్ళిపోయాడు. అమ్మ తలనొప్పని కార్లోనే పడుకుంది. నాయనమ్మా నేనూ తోటలో బెంచీ మీద కూర్చున్నాం. ఆంటీ లోపలికి వెళ్ళగలిగీ వెళ్ళకుండా మాకు తోడుగా ఉండిపోయింది. మాట్లాడి మాట్లాడి, సంచీలోంచి బొమ్మల పుస్తకమొకటి తీసింది. పొద్దున దారిలో కొన్నదట. చిన్నపిల్లల అక్షరాల పుస్తకం, అట్ట మీద ఎర్రటి యాపిల్ పండు. తాను పెళ్ళికి ముందు చిన్నబడిలో టీచరునని, నాయనమ్మకు చదువుకునే అదృష్టం దొరకలేదని విన్న దగ్గర్నుంచి తనకు నిద్ర పట్టలేదని, ఈ వయసులోనైనా నేర్చుకోవచ్చని, ప్రతి బుధవారం ఇంటికి వచ్చి తానే నేర్పిస్తానని, ఇదంతా ఆవిడకు చెప్పమని నన్నడిగింది. ఆ మనిషి కళ్ళల్లో కల్మషం లేదు.

నేను అదేదీ చెప్పకుండా పుస్తకం తీసుకుని నాయనమ్మ చేతికిచ్చాను. నాయనమ్మ పుస్తకం అటూ ఇటూ తిప్పింది. యాపిల్ బొమ్మ చూసింది, ఆంటీ ముఖం చూసింది, నా ముఖం చూసింది. "రాత్రి మీ నాన్న నా గురించి చెప్పింది ఇదా?" అంది. నేను తలవంచుకున్నాను. "ఇంకా ఏం చెప్పాడు?" అంటే చెప్పాను, అంతా చెప్పాను, భూతవైద్యుడి మాట కూడా. ఆవిడ ఆ తెల్లటి గోడల వైపు, లోపల కొడుకున్న వైపు చూస్తూ కూర్చుంది. ముక్కుపుడక పక్కన కండ ఒక్కటి అదురుతూ ఉంది. ఆంటీ గాభరాపడి, తానేమైనా తప్పుగా అన్నానా అని అడిగింది.

అప్పుడు నాయనమ్మ ఆ పుస్తకాన్ని రెండు చేతులతో ఎత్తి కళ్ళకద్దుకుంది. "థాంక్యూ" అంది. నాతో, "నేర్చుకుంటానని చెప్పు ఆవిడతో" అంది.

"నీకొచ్చు కదా నాయనమ్మా! నేను నిజం చెప్పేస్తాను."

"నోరు మూసుకో. వాడు పదిమందిలో అన్న మాట. నేను కాదంటే రేపు వీళ్ళ మధ్య వాడెట్లా తలెత్తుకుంటాడే?"

చెప్పాను. ఆంటీ సంతోషంతో ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది. నాన్న బయటికొచ్చేసరికి వాళ్ళిద్దరూ ఒకే బెంచీ మీద తలలు దగ్గరగా పెట్టుకుని ఉన్నారు, ఆంటీ వేలు పెట్టి చూపిస్తుంటే నాయనమ్మ "ఏ... యాపిల్" అంటోంది. నాన్న ముఖంలో లోపలినుంచి తెచ్చుకున్న వెలుగు ఏదో ఉండింది, అది మా కళ్ళ ముందే ఆరిపోయింది. నాయనమ్మ ఆయన్ని చూసి, "ఆకలేస్తోందిరా, ఇంటికి పోదాం పద" అంది, మామూలుగా, రోజూ అనే గొంతుతోనే.

ఆ తర్వాత బుధవారాలు ఎలా గడిచాయో రాయాలంటే ఇప్పటికీ చెయ్యి వెనకాడుతుంది. ఆంటీ వచ్చే వేళకు నాయనమ్మ తన పుస్తకాలన్నీ మంచం కిందికి తోసేసేది, కళ్ళజోడు తీసేసేది, కాఫీ గ్లాసు కడిగి బోర్లించేది. పెన్సిలు పిడికిట్లో పట్టుకుని, ముత్యాల్లాంటి దస్తూరీ ఉన్న ఆ చెయ్యి గీతలు వంకరగా గీసేది. ఇద్దరికీ స్నేహం కుదిరింది, అది మాత్రం నటన కాదు. ఆంటీ ఆవిడ మోకాళ్ళకు మందు రాసేది, ఈవిడ ఆంటీకి గోంగూర పచ్చడి అలవాటు చేసింది. నాన్న గోడౌన్ నుంచి ఆ వేళకు వస్తే చెప్పులు కూడా విప్పకుండా మళ్ళీ వీధిలోకి వెళ్ళిపోయేవాడు. ఒకసారి వంటింట్లో, "అమ్మా, ఇక చాలించు, ఆవిడకు నేనే చెబుతాను" అన్నాడు. నాయనమ్మ బియ్యం ఏరుతూ, "చెప్పు నాయనా, నేనేమన్నా వద్దన్నానా?" అంది. ఆయన చెప్పలేదు.

క్రిస్మస్ ముందు ఆదివారం ఆంటీ తన శిష్యురాల్ని చెయ్యి పట్టుకుని చర్చిలో ముందుకి తీసుకెళ్ళింది. నాయనమ్మ వాళ్ళ గ్రంథంలో ఒక వాక్యం ఇంగ్లీషులో చదివింది. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ, కొత్తగా నేర్చుకున్నవాళ్ళు ఎక్కడ తడబడతారో సరిగ్గా అక్కడ తడబడుతూ చదివింది. వందలమంది పిల్లలకు నేర్పిన మనిషికి ఆ తడబాట్లు తెలియకపోతాయా? జనం కళ్ళు తుడుచుకున్నారు. నా పక్క కుర్చీ ఖాళీగా ఉంది. నాన్న బయట కార్లో, తలుపులన్నీ వేసుకుని కూర్చుని ఉన్నాడు.

మరుసటి ఏడు మెల్‌బోర్న్‌లో నాన్నకు మళ్ళీ ఇంజనీరు ఉద్యోగం దొరికింది, వచ్చేశాం. ఇక్కడ ఆయన ఏ చర్చికీ వెళ్ళలేదు, ఏ గుడికీ వెళ్ళలేదు, నా పెళ్ళిలో కూడా నాలుగు మాటలు మాట్లాడమంటే లేవలేదు. వచ్చేరోజు ఆంటీ స్టేషన్‌కి వచ్చి నాయనమ్మను పట్టుకుని ఏడ్చింది, తన జీవితంలో ఇంత తెలివైన విద్యార్థిని చూడలేదంది. తెలిసి అందో, తెలియక అందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. నాయనమ్మ ఆ తర్వాత చాలా ఏళ్ళే బతికింది. ఆ యాత్ర మాట ఎత్తలేదు. కొడుక్కి పెరుగన్నం కలిపిపెట్టడం మానలేదు. ఆయన ఎప్పుడైనా ఆవిడ కాళ్ళ మీద పడ్డాడేమో, నా కళ్ళతో నేను చూడలేదు.

వయసు వచ్చాక నాన్న మీద కోపం తగ్గింది. వాళ్ళు మమ్మల్ని ఏమీ అడగకుండా ఇస్తూ పోయారు, అదే ఆయనకు కష్టమైంది. అంత తీసుకున్న మనిషికి తిరిగి ఏదో ఒకటి ఇవ్వాలనిపిస్తుంది. ఆ సాయంత్రం ఆ హాల్లో ఆయన దగ్గర ఇవ్వడానికి వాళ్ళమ్మ ఒక్కతే మిగిలింది.

ఇప్పుడు వచ్చేవాళ్ళకు ఆ అవసరం లేదు. దిగిన రోజే మనవాళ్ళు ఎదురొస్తారు, మంచాలూ కుర్చీలూ ఫోన్‌లో ఒక్క మెసేజీ పెడితే దొరుకుతాయి. మా అమ్మాయికి తెలుగు అర్థమవుతుంది, జవాబు ఇంగ్లీషులోనే ఇస్తుంది గానీ, స్కూల్లో తన ముత్తవ్వ టీచరని గొప్పగా రాసుకొచ్చింది. సంతోషమే. కానీ ఊరూపేరూ తెలియని ఒక ముసలావిడ మోకాళ్ళ కోసం కుర్చీ మోసుకొచ్చే మనుషులూ ఇప్పుడు తక్కువే. ఎవరి గుంపులో వాళ్ళం క్షేమంగా ఉన్నాం.

నాన్నకు ఎనభై దగ్గర పడింది, మాతోనే ఉంటున్నాడు. ఇంటికొచ్చినవాళ్ళు మాటల్లో నాయనమ్మ ఫోటో చూసి అడిగితే, "ఆవిడ బాగా చదువుకున్న మనిషండీ" అని ఒక్కమాట అని ఊరుకుంటాడు. వచ్చినవాళ్ళు మర్యాదకు తలూపుతారు. ఆ మాట వినవలసినవాళ్ళు మాత్రం ఎవరూ మిగల్లేదు.